అడవి తరిగిపోయిందని ఎవరు చెప్పారు? గినీ దేశంలోని కిసిడుగు ప్రాంతంపై ఒక కేస్ స్టడీ

అభివృద్ధి ప్రాజెక్టుల మదింపులోకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. వలస పాలన పోయి ఇన్నేళ్లయినా మన పరిశోధనలో ఆ ఆలోచన ఇంకా ఉందంటారు కదా, అది ఎక్కడుంది అని. చాలామంది దాన్ని మనుషుల తీరులో వెతుకుతారు. బయటి నుంచి వచ్చిన నిపుణుడు ఊరివాళ్లతో ఎలా మాట్లాడాడు, లోకల్ టీమ్‌కి ఎంత ఇచ్చారు, రిపోర్టు మీద ఎవరి పేరు పడింది అని చూస్తారు. ఇవన్నీ చూడాల్సినవే. కానీ ఏళ్ల తరబడి ప్రపోజల్స్, టీఓఆర్‌లు (చేయాల్సిన పని వివరాల పత్రాలు), బేస్‌లైన్ రిపోర్టులు (ప్రాజెక్టుకు ముందు పరిస్థితి చెప్పేవి) చదివాక నాకు అది అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయి కనిపించింది ప్రపోజల్ మొదటి పేజీలో. 'నేపథ్యం' అన్న హెడింగ్ కింద రెండు మూడు పేరాలుంటాయి. ఈ ప్రాంతం ఒకప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా అయింది, అందుకు కారణం ఎవరు అన్నది అక్కడే తేల్చేస్తారు. పద్ధతుల మీద, బడ్జెట్ మీద, సూచికల మీద గంటలకొద్దీ మీటింగులు నడుస్తాయి. నేపథ్యం పేరాల మీద ఒక్క ప్రశ్న కూడా రాదు. టీమ్ ఊళ్లో అడుగుపెట్టే సరికే సమస్య ఏమిటో రాసేసి ఉంటుంది. ఇక ఊరివాళ్లను అడిగేదల్లా దానికి పరిష్కారం గురించే.

దీన్ని వివరించడానికి నేను ప్రతి కొత్త టీమ్‌తోనూ చదివించే కేసు పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశానిది, అందులో కిసిడుగు అనే ప్రాంతానిది. ఇది నా పరిశోధన కాదు. 1990ల మొదట్లో బ్రిటన్‌కు చెందిన జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్, గినీ పరిశోధకులు డొమినిక్ మిల్లిమునో, మరీ కమానోతో కలిసి చేసిన పని. 1996లో పుస్తకంగా వచ్చింది. పర్యావరణ పరిశోధనలో ఇది బాగా తెలిసిన కేసే. కానీ నేపథ్యం పేరాలు ఎలా పుడతాయో, ఎలా పెరుగుతాయో, ఎవరి నెత్తిన పడతాయో ఇంత వివరంగా చూపే కేసు మరొకటి నాకు దొరకలేదు. అందుకే దాన్ని మొదటి నుంచీ చెప్పి, ఆ తర్వాత మా పనిలో దాని వల్ల ఏం మారిందో రాస్తాను.

అడవి దీవులు

కిసిడుగు గినీ ఆగ్నేయ భాగంలో ఉంది. దక్షిణాన దట్టమైన వర్షారణ్యాలు, ఉత్తరాన సవన్నా గడ్డిమైదానాలు, రెండూ కలిసే ప్రాంతం అది. అక్కడ ప్రధానంగా కిసి, కురాంకో ప్రజలు వ్యవసాయం చేసుకుంటూ బతుకుతారు. చుట్టూ గడ్డి, అక్కడక్కడా చెట్లు. ఆ గడ్డి మధ్యలో దీవుల్లాగా చిక్కటి అడవి ముక్కలు. దాదాపు ప్రతి ముక్క నడిమధ్యలో ఒక ఊరు.

1893 నాటికి ఫ్రెంచ్ సైన్యం ఈ ప్రాంతాన్ని ఆక్రమించింది. సైన్యం వెనకే అధికారులు, వృక్షశాస్త్రవేత్తలు వచ్చారు. వారిలో పేరున్నవాడు ఒగస్త్ షెవాలియే. 1909లో ఇటు వచ్చాడు. వీళ్లందరి తర్కం ఒకేలా నడిచింది, పైకి చూస్తే అందులో లోపం కనిపించదు కూడా. ఇక్కడ కురిసే వాన అడవి పెరగడానికి సరిపోతుంది. మరి అడవి ఎందుకు లేదు? అక్కడక్కడా ముక్కలున్నాయి కాబట్టి ఒకప్పుడు అంతటా అడవే ఉండి ఉండాలి. ఇక్కడివాళ్లు పోడు కొడతారు, ఏటా గడ్డికి నిప్పు పెడతారు. కాబట్టి అడవిని పోగొట్టింది వీళ్లే. ఊరి చుట్టూ ఉన్నది నరికినంత నరకగా మిగిలిపోయింది.

ఒక్కసారి ఆగి ఇక్కడ ఏం జరిగిందో చూడండి. ఒక రోజు కంటికి కనిపించినదాన్ని బట్టి వందల ఏళ్ల చరిత్ర రాసేశారు. ఆ వందల ఏళ్లూ అక్కడే బతికిన కుటుంబాలను సాక్షులుగా పిలవలేదు. వాళ్లు ఆ కథలో నిందితులుగా మాత్రమే ఉన్నారు. షెవాలియే దురుద్దేశంతో రాశాడని నేను అనుకోను. ఆయనకు మొక్కల గురించి నిజంగానే చాలా తెలుసు. అయితే ఆ ఊరి పెద్దకు తన ఊరి చరిత్ర తెలిసి ఉంటుందన్న ఊహే ఆయన శాస్త్రంలో లేదు. నేను వలస ఆలోచన అంటున్నది దీన్నే. దీనికి దుర్మార్గం అవసరం లేదు. ఎవరి మాట సాక్ష్యం, ఎవరి మాట కేవలం 'నమ్మకం' అన్నది ముందే నిర్ణయమైపోతే చాలు.

రిపోర్టు నుంచి రిపోర్టుకు

వృక్షశాస్త్రవేత్తలు చెప్పింది పాలకులకు బాగా పనికొచ్చింది. అడవిని ప్రజల నుంచి కాపాడాలంటే అది ప్రభుత్వం చేతిలో ఉండాలి కదా. 1935లో ఫ్రెంచ్ పశ్చిమ ఆఫ్రికా అంతటికీ వర్తించే అటవీ డిక్రీ వచ్చింది. చెట్ల మీద, అడవి నేల మీద ప్రభుత్వ అజమాయిషీ గట్టిపడింది. నిప్పు పెట్టడం మీద ఆంక్షలు, చెట్టు కొట్టడానికి పర్మిట్లు, కాదంటే జరిమానాలు. 1949లో ఫ్రెంచ్ అటవీ అధికారి ఆండ్రే ఓబ్రెవిల్ ఆఫ్రికా అడవులన్నిటి మీదా ఒక పెద్ద పుస్తకం రాశాడు. మనిషి వల్ల అడవి సవన్నాగా, సవన్నా ఎడారిగా మారుతోందన్న భావన దానితో ఇంకా బలపడింది. ఇలా కిసిడుగు కథ ఒక ఖండం కథలో భాగమైంది.

1958 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలో 'వద్దు' అని ఓటేసి అక్టోబర్ 2న స్వతంత్రం తెచ్చుకున్న దేశం గినీ. ఫ్రాన్స్‌తో అంత గట్టిగా తెంచుకున్న దేశం ఆ ప్రాంతంలో అప్పటికి మరొకటి లేదు. అయినా అటవీ విధానం మాత్రం మారలేదు. కొత్త ప్రభుత్వం కూడా ఊరివాళ్ల మంటలనే తప్పుపట్టింది. అటవీ శాఖ జరిమానాలు, పర్మిట్ ఫీజులు అలాగే సాగాయి. బళ్లో పిల్లలు నేర్చుకున్నదీ ఇదే కథ. తర్వాత విదేశీ సాయంతో నైజర్ నది పుట్టే ఎగువ ప్రాంతాలను కాపాడే ప్రాజెక్టులు వచ్చాయి. కిసిడుగులో అడవి పోతే దిగువన నది ఎండిపోతుందని వాటి వాదన. ప్రతి కొత్త రిపోర్టూ పాత రిపోర్టును ఆధారంగా చూపింది, ఆ పాతది అంతకన్నా పాతదాన్ని చూపింది. వెనక్కి వెళ్తూ పోతే చివరికి దొరికేది వలస కాలపు వృక్షశాస్త్రవేత్తల తర్కమే. దాని కింద కొలతలు లేవు.

ఈ విషయం దగ్గర నేను ట్రైనింగ్‌లో కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే వలస ఆలోచన అంటే తెల్లవాళ్ల ఆలోచన అని సరిపెట్టుకునేవాళ్లు ఇక్కడ ఇబ్బంది పడతారు. ఆ దేశంలో పుట్టి, ఆ దేశం కోసం పనిచేసిన అధికారులే ఆ కథను నమ్మి, నిజాయితీగా అమలు చేశారు. చదువు ద్వారా, ఉద్యోగం ద్వారా, ఫైళ్ల ద్వారా వచ్చిన జ్ఞానానికి పాస్‌పోర్టు ఉండదు. టీమ్‌లో స్థానికులను పెట్టుకున్నంత మాత్రాన నేపథ్యం పేరా దానంతట అది సరికాదు.

విమానం నుంచి తీసిన ఫోటోలు

ఫెయిర్‌హెడ్, లీచ్ బృందం మొదట చేసిన పని చాలా సాదాసీదాది. 1952లో విమానం నుంచి తీసిన ఫోటోలు ఉన్నాయి. 1990 ప్రాంతంలో స్పాట్ ఉపగ్రహం తీసిన చిత్రాలున్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ నలభై ఏళ్లలో అడవి దీవులు తగ్గలేదు. చాలాచోట్ల అలాగే ఉన్నాయి లేదా పెరిగాయి. కొత్తవి కూడా వచ్చాయి. గడ్డిమైదానంలో చెట్లు పెరిగిన చోట్లూ కనిపించాయి. అంతకు ముందు కాలానికి 19వ శతాబ్దపు యాత్రికుల రాతలు, తొలినాటి ఫ్రెంచ్ సైనిక నివేదికలు తీశారు. అడవి ఉండి ఉండాలని అనుకున్న చోట్ల అప్పటికే గడ్డి ఉన్నట్టు వాటిలో ఉంది.

ఇక ఊళ్లలో పెద్దవాళ్లు. వాళ్లు చెప్పింది ఈ ఫోటోలతో సరిగ్గా సరిపోయింది: మా వాళ్లు వచ్చినప్పుడు ఇక్కడ గడ్డే ఉండేది, ఈ అడవిని పెంచింది మేమే.

ఎలా పెంచారన్నది దగ్గర నుంచి చూడాలి. గడ్డిమైదానంలో ఊరు కట్టుకున్నవాళ్లకు మొదటి భయం మంట. ఇళ్ల పైకప్పులకు, కంచెలకు ఊరి చుట్టూ ఉన్న గడ్డిని కోసేస్తారు. కోసిన చోట మంట పాకదు. పశువులను ఊరి అంచున కట్టేస్తారు. అవి గడ్డి మేస్తాయి, నేల తొక్కుతాయి, పేడ వేస్తాయి. వానలు ఆగి గడ్డి పూర్తిగా ఎండకముందే అంచు వెంట కావాలని చిన్న చిన్న మంటలు పెట్టి కాల్చుకుంటారు. పచ్చి మీద పెట్టిన మంట నెమ్మదిగా వెళ్లి ఆరిపోతుంది. నెలల తర్వాత ఎక్కడి నుంచో పెద్ద మంట వచ్చినా ఆ కాలిన పట్టీ దగ్గర ఆగిపోతుంది. ఇళ్ల వెనక పెరటి సాగు, పొయ్యి బూడిద, ఇంటి చెత్త, పేడ అన్నీ కలిసి నేల మారిపోతుంది. అలాంటి నేలలో, మంట రాని చోట, విత్తనం పడితే చెట్టవుతుంది. కొన్ని చెట్లను పనిగట్టుకుని నాటారు. 19వ శతాబ్దపు యుద్ధాల కాలంలో తొందరగా ఎదిగే బూరుగు లాంటి చెట్లను ఊరి చుట్టూ గోడగా పెంచారు. శత్రువు లోపలికి రాకుండా. తర్వాతి కాలంలో ఆ నీడ కిందే కాఫీ వేసుకున్నారు. ఊరు ఖాళీ చేసి వేరే చోటికి వెళ్లిపోయినా ఆ బలమైన నేలలో అడవి నిలబడిపోయింది. పాత ఊళ్ల స్థలాలు ఇప్పుడు అడవులు.

అంటే కథ తలకిందులైంది. జనం పెరిగితే అడవి తరుగుతుందన్నది లెక్క. ఇక్కడ జనం స్థిరపడిన చోటే అడవి వచ్చింది. నిప్పు అడవికి శత్రువు అన్నది లెక్క. ఇక్కడ సరైన సమయంలో పెట్టిన నిప్పే అడవిని కాపాడింది. అలా నిప్పు పెట్టడాన్నే చట్టం నేరం చేసింది. అడవిని పెంచిన చేతులకే జరిమానా పడింది. పర్మిట్ కొనగలిగిన కలప వ్యాపారికి మాత్రం దారి దొరికింది.

సర్వేలు ఏం చేశాయి?

ఈ కేసులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే భాగం ఇది. కిసిడుగులో సామాజిక పరిశోధన జరగకపోలేదు, ఊరివాళ్లను అడగకపోలేదు. అడవి తరిగిందన్నది ప్రశ్నలకు అతీతమైన విషయంగా తీసుకుని, అది ఎందుకు తరిగిందో వివరించడానికి సామాజిక శాస్త్రవేత్తలు కూర్చున్నారు. జనాభా పెరిగింది, పేదరికం పెరిగింది, వలసవచ్చినవాళ్లు పాత కట్టుబాట్లను పట్టించుకోలేదు, పెద్దల మాట చెల్లడం లేదు. ఇలా చక్కటి విశ్లేషణలు వచ్చాయి. జరగని నాశనానికి కారణాలు కనుక్కున్నారు. ఫెయిర్‌హెడ్, లీచ్ 1995లో ఈ విషయం మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు.

ఊరివాళ్లు ఎందుకు కాదనలేదు? చాలాచోట్ల అన్నారు, వినిపించుకున్నవాళ్లు లేరు. కొందరు కాదనలేదు కూడా. పర్యావరణ ప్రాజెక్టు మనుషులు వచ్చి అడవి పోతోందా అని అడిగితే, అవును అంటే ప్రాజెక్టు ఊళ్లోకి వస్తుంది. దానితో పాటు రోడ్డో, బావో, పనో వస్తుంది. తెలివైన మనుషులు ఎవరైనా అదే చెబుతారు. ఆ జవాబును మన రంగం డేటాగా రాసుకుంది.

ఇలాంటిది నేను కళ్లారా చూశాను. ఒక ప్రాజెక్టు బేస్‌లైన్ ప్రశ్నావళి సమీక్షకు నా దగ్గరికి వచ్చింది. అందులో ఒక ప్రశ్న: 'మీ ప్రాంతంలో చెట్లు తగ్గిపోవడానికి ప్రధాన కారణం ఏమిటి?' కింద ఆప్షన్లు: వంటచెరకు, సాగు విస్తరణ, జనాభా, అవగాహన లేకపోవడం, ఇతరాలు. చెట్లు తగ్గలేదు అని చెప్పాలంటే టిక్ పెట్టడానికి గడి లేదు. ఎవరైనా ఆ మాట అంటే సర్వే చేసేవాళ్లు 'ఇతరాలు'లో వేస్తారు. విశ్లేషణ ప్లాన్‌లో 'ఇతరాలు' చిన్న శాతంగా ఉంటే వదిలేయాలని ఉంది. అంటే తన నేల గురించి ఒక రైతు చెప్పిన అసలు మాట చట్టబద్ధంగా, పద్ధతి ప్రకారం, ఎవరి తప్పూ లేకుండా మాయమైపోతుంది. ఆ ప్రశ్నావళిని రాసిన టీమ్ భాగస్వామ్య పద్ధతుల మీద ఎంతో నమ్మకం ఉన్న టీమ్. మ్యాపులు గీయించారు, గ్రూప్ చర్చలు పెట్టారు, ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ శ్రద్ధ నిజమైనది. కానీ అదంతా ఆ ప్రశ్న తర్వాత మొదలైంది.

సాహెల్‌లోనూ ఇదే దారి

కిసిడుగు ఒక్కటే అయితే దాన్ని విడ్డూరంగా పక్కన పెట్టొచ్చు. కానీ సహారా ఎడారికి దక్షిణం అంచున ఉన్న పొడి ప్రాంతం, సాహెల్‌లోనూ ఇలాగే జరిగింది. 1975లో సూడాన్‌లో హ్యూ లాంప్రే అనే పర్యావరణ శాస్త్రవేత్త సర్వే చేసి, 17 ఏళ్లలో సహారా ఎడారి 90 నుంచి 100 కిలోమీటర్లు దక్షిణానికి వచ్చిందని చెప్పాడు. ఏడాదికి ఐదున్నర కిలోమీటర్లన్న లెక్క ఎన్నో అంతర్జాతీయ పత్రాల్లోకి ఎక్కింది. ఆయన 1975లో చూసినదాన్ని పోల్చింది 1958 నాటి మ్యాపులోని ఒక గీతతో. ఆ గీతను నేల మీద తిరిగి గీయలేదు, వర్షపాతం అంచనాను బట్టి వేశారు. 1980లలో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో చూస్తే, ఎడారి అలా ఒక వరుసలో ముందుకు కదిలినట్టు ఆధారం దొరకలేదు. పచ్చదనం వానతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంది.

నైజర్ దేశం సంగతి ఇంకా నేరుగా కిసిడుగుకు ముడిపడుతుంది. వలస కాలం నుంచి వచ్చిన అటవీ చట్టం కింద పొలంలో మొలిచిన చెట్టు కూడా ప్రభుత్వానిదిగానే ఉండేది. కొమ్మ కొడితే జరిమానా. అలాంటప్పుడు రైతు మొలకను ఎందుకు ఉంచుకుంటాడు? పీకేస్తాడు. 1980ల మధ్య నుంచి ఆ అమలు సడలింది. పొలంలోని చెట్టు తమదేనని రైతులకు ధైర్యం వచ్చింది. పాత మోళ్ల నుంచి, వేళ్ల నుంచి వచ్చే చిగుళ్లను ఏరి కాపాడుకున్నారు. మరాది, జిండర్ ప్రాంతాల్లో రెండు దశాబ్దాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయని క్రిస్ రీజ్, గ్రే టాపన్ వంటి పరిశోధకులు అంచనా వేశారు. 'రైతుల్లో అవగాహన లేదు' అన్న వాక్యం అన్నేళ్లు ఎన్ని పత్రాల్లో ఉండి ఉంటుందో ఆలోచించండి. అడ్డం పడింది చట్టం.

మా పనిలో ఏం మారింది

ఇప్పుడు మా టీమ్‌లో ఏ ప్రపోజల్ వచ్చినా మొదట నేపథ్యం పేజీ ప్రింట్ తీస్తాం. అందులో గతం గురించి, కారణం గురించి ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీస్తాం. ఒక్కో వాక్యానికి: ఈ మాట మొదట ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, వాళ్లు ఏం చూసి అన్నారు, అప్పుడు ఎవర్ని అడగలేదు, ఇది తప్పని తేలాలంటే ఏం దొరకాలి. పేజీ చివరి రిఫరెన్సు దగ్గర ఆగం, ఆ రిఫరెన్సు ఇచ్చిన రిఫరెన్సు తీస్తాం. మూడు నాలుగు మెట్లు దిగేసరికి చాలా వాక్యాలకు కింద నేల ఉండదు. 'ప్రజల్లో అవగాహన లేకపోవడం వల్ల' అన్న వాక్యం అన్నిటికన్నా ఎక్కువగా దొరుకుతుంది. దానికి మూలం అడిగితే రాసినవాళ్లు నిజంగా ఆశ్చర్యపోతారు. ఇది కూడా నిరూపించాలా అంటారు. నిరూపించాలి. ఒక సమాజం మొత్తానికి తెలివి లేదని రాస్తున్నప్పుడు, హెక్టార్ల లెక్కకు అడిగే ఆధారం కన్నా ఎక్కువే అడగాలి.

తర్వాతి పని పాత ఫోటోలు, మ్యాపులు తెప్పించి, వాటిని ఊరివాళ్లతో కలిసి చదవడం. ఇందులో ఒక చేదు నిజం ఉంది. ఆఫ్రికాలో చాలా దేశాల నేల జ్ఞాపకం ఆ దేశాల్లో లేదు. ఒకప్పటి ఫ్రెంచ్ వలస దేశాల విమాన ఫోటోలు ఫ్రాన్స్ జాతీయ భౌగోళిక సంస్థ దగ్గర ఉన్నాయి. బ్రిటిష్ వలస దేశాల సర్వే కోసం 1946లో పెట్టిన డైరెక్టరేట్ తీయించిన ఫోటోలు ఎడిన్‌బరోలోని ఆర్కైవ్‌కు చేరాయి. తన ఊరి 1950ల నాటి ముఖం చూడాలంటే అక్కడి పరిశోధకుడు యూరప్‌కు ఉత్తరం రాయాలి, డబ్బు కట్టాలి, కొన్నిసార్లు వీసా కూడా తెచ్చుకోవాలి. ఈ ఖర్చును మేం బడ్జెట్‌లో విడిగా చూపిస్తాం, స్కాన్ చేసిన కాపీలు అక్కడి విశ్వవిద్యాలయానికి, ఊరి కమిటీకి ఇచ్చి రావాలని ఒప్పందంలో రాస్తాం. అమెరికా 1960 నుంచి 1972 దాకా తీసిన కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలను 1995లో బయటపెట్టింది. అవి చాలా ప్రాంతాలకు దొరుకుతాయి, పనికొస్తాయి. మదింపు చేసేవాళ్లలో ఎంతోమంది వీటిని ఒక్కసారి కూడా తెరిచి చూడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఫోటోను ఊళ్లో నేల మీద పరిచినప్పుడు మాట్లాడే వరుస మారిపోతుంది. ప్రశ్నావళి పట్టుకుని వెళ్తే మనం అడుగుతాం, వాళ్లు చెబుతారు. ఫోటో ముందు కూర్చుంటే వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు. ఇక్కడ వాగు దారి మార్చింది, ఇది ఎవరి తాత వేసిన తోట, ఇది ఏ తగాదాలో తగలబడింది అని. ఫోటోలో మనకు నల్లటి మచ్చగా కనిపించింది ఏ చెట్లో వాళ్లకు తెలుసు. వాళ్లలో వాళ్లకు తేడాలొస్తాయి, వాదించుకుంటారు. ఆ వాదనను యథాతథంగా రాసుకుంటాం. సమాజం ఒకే గొంతుతో మాట్లాడుతుందనుకోవడం కూడా పాత పాలకుల అలవాటే, ఊరికి ఒక పెద్దను పట్టుకుంటే పని అయిపోతుందన్నది వాళ్ల సౌకర్యం.

పేర్ల విషయం. కిసిడుగు పుస్తకం రచయితలుగా ఫెయిర్‌హెడ్, లీచ్ పేర్లుంటాయి. మిల్లిమునో, కమానోల పేర్లు పరిశోధన సహకారం అన్న వరుసలో ఉంటాయి. ఆ కాలానికి అలా పేర్లు ఇవ్వడమే చాలామంది చేయని పని. అయినా ప్రపంచం గుర్తుపెట్టుకున్నది ఇద్దరినే. మేం ఇప్పుడు పని మొదలవకముందే ఎవరు రచయితలో, ఏ పనికి ఆ హక్కు వస్తుందో కాగితం మీద పెడుతున్నాం. దక్షిణాఫ్రికాలోని ఆదివాసులైన సాన్ ప్రజలు దీనికన్నా చాలా ముందుకు వెళ్లారు. 2010లో తమ జన్యువుల మీద వచ్చిన ఒక పరిశోధన తమ నాయకత్వాన్ని అడక్కుండా జరిగిందని బాధపడి, 2017లో సొంత పరిశోధన నియమావళి తెచ్చారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అందులోని విలువలు. పరిశోధన ఆలోచన దశలోనే తమ దగ్గరికి రావాలని, దాన్ని సాన్ మండలి చూడాలని అంటుంది. ఆలోచన దశలోనే అన్న ఆ షరతు నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. నేపథ్యం పేజీ రాయకముందే అని దాని అర్థం.

ఎదురయ్యే అభ్యంతరాలు

అయితే ఊరివాళ్లు ఏం చెబితే అదే నిజమా అని అడుగుతారు. కాదు. కిసిడుగు ఫలితాలను మిగతా పశ్చిమ ఆఫ్రికాకు ఎంతవరకు వర్తింపజేయవచ్చన్నదానిపై తర్వాత గట్టి విమర్శలే వచ్చాయి. అడవి నిజంగా నాశనమైన ప్రాంతాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అక్కడ తరగలేదని చెప్పడం కూడా అంతే నష్టం. మేం అడిగేది ఒక్కటే: ఊరి పెద్ద మాటను ఎంత గట్టిగా పరీక్షిస్తామో 1909 నాటి వృక్షశాస్త్రవేత్త మాటను, నిన్నటి కన్సల్టెంట్ రిపోర్టును కూడా అంతే గట్టిగా పరీక్షించాలి. ఇప్పటిదాకా పరీక్ష ఒక పక్షానికే జరిగింది.

రెండోది టైమ్, డబ్బు. ఇది తేలిగ్గా కొట్టేసే అభ్యంతరం కాదు. ఎవరు డబ్బిస్తారో వాళ్లే మొదటి పేజీ రాస్తారు. 2016లో ఇస్తాంబుల్ ప్రపంచ మానవతా సదస్సులో డోనర్లకు, సాయం సంస్థలకు మధ్య కుదిరిన 'గ్రాండ్ బార్గెయిన్' అనే ఒప్పందం ప్రకారం, 2020 నాటికి మానవతా సాయంలో కనీసం 25 శాతం స్థానిక, జాతీయ సంస్థలకు వీలైనంత నేరుగా అందాలి. నేరుగా అందింది ఆ లక్ష్యానికి దరిదాపుల్లో కూడా లేదు. స్థానిక సంస్థ సబ్‌కాంట్రాక్టర్‌గా ఉన్నంత కాలం దానికి సమస్యను తిరగరాసే స్థానం ఉండదు. ఇచ్చిన పని చేసి బిల్లు పెట్టుకోవడమే ఉంటుంది.

అందుకని మేం ఒప్పందాల్లో ఇప్పుడు ఒక క్లాజ్ అడుగుతున్నాం. ఇన్‌సెప్షన్ దశ, అంటే పని మొదలైన తొలి దశ, ముగిసేసరికి నేపథ్యంలోని వాదనల పరిశీలన బయటపెట్టాలి. ఏదైనా నిలబడకపోతే పరిశోధన ప్రశ్నను, లాగ్‌ఫ్రేమ్‌ను (ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, సూచికల పట్టికను) మార్చే హక్కు టీమ్‌కి, ఊరి కమిటీకి ఉండాలి. దీనికి డోనర్లు మొదట జంకినా మాట్లాడితే కొందరు ఒప్పుకుంటున్నారు. అసలు చిక్కు ఇంకో చోట ఉంది. సమస్యే లేదని తేలితే ప్రాజెక్టు ఆగిపోతుంది, ప్రాజెక్టు ఆగితే ముందు ఉద్యోగాలు పోయేది స్థానిక సిబ్బందివి. ఆ టెన్షన్ నెత్తిన పెట్టుకుని సమస్య లేదని రాయమంటే ఎవరు రాస్తారు? కిసిడుగులో తరాల తరబడి ఎవరూ రాయకపోవడానికి ఇదీ ఒక కారణమే అయ్యుండాలి. కాబట్టి ప్రశ్న మారినా, ప్రాజెక్టు రూపం మారినా ఒప్పందం కాలమంతా స్థానిక సిబ్బంది జీతాలు ఆగకూడదని అదే క్లాజ్‌లో రాయిస్తున్నాం. ఈ భాగానికి ఒప్పుకున్న డోనర్లు ఇప్పటికి కొద్దిమందే.